రివర్ రెడ్ గమ్ నారు డైరీ: నవంబర్ నుంచి అక్టోబర్ దాకా

నవంబర్ 4

మొదలెట్టేశాను. మేముండేది మెల్‌బోర్న్‌కి ఉత్తరాన మెర్ండాలో. కొత్త ఇళ్ళ మధ్య పార్కుల్లో అక్కడక్కడా ఒక్కో ముసలి చెట్టు ఉంటుంది, ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు మొదలు, బెరడు పొరలు పొరలుగా రాలిపోయి తెలుపు, బూడిద, లేత ఎరుపు మచ్చలు, ఇదంతా పశువులు మేసే బీడుగా ఉన్నప్పుడే అవి ముసలివి. అవే రివర్ రెడ్ గమ్‌లు, యూకలిప్టస్ కమాల్డులెన్సిస్. ఏడేళ్ళుగా వాటి కిందనుంచే వాకింగ్‌కి వెళ్తున్నా, మన ఊరి జామాయిల్ లాంటిదేలే అనుకుని తలెత్తి చూసింది లేదు. వాగు పక్కన మొక్కలు నాటే వాలంటీర్ గ్రూపులో చేరాక వాళ్ళు అడిగారు, వచ్చే జూన్‌కి ఒక 60 మొక్కల నారు ఇంట్లో పెంచి ఇస్తావా అని. సరే అనేశా. పెరట్లో టొమాటో నారు పోసుకునేదాన్ని, ఇదెంతలే అనిపించింది.

నవంబర్ 11

విత్తనం వేట. పార్కులోనో వాగు గట్టునో చెట్టుకున్న కాయలు కోసుకుంటానంటే కుదరదు, మా విక్టోరియా రాష్ట్రంలో ప్రభుత్వ భూమిలో విత్తనం సేకరించాలంటే పర్మిట్ కావాలి. గ్రూపులో ఒక పెద్దాయనకి వాగుని ఆనుకుని సొంత పొలం ఉంది, మొన్న గాలికి ఆయన చెట్టు కొమ్మ ఒకటి విరిగి పడిందట, వచ్చి ఎంత కావాలంటే అంత తీసుకెళ్ళమన్నాడు.

విరిగిన కొమ్మ అంటే నాలాంటి పొట్టిదానికి వరం, ఎక్కడో పైన ఉండాల్సినవన్నీ కళ్ళముందే నేల మీద ఉన్నాయి. మొగ్గలు గుత్తికి 7 నుంచి 11 దాకా, ఒక్కో మొగ్గకీ పైన చిన్న టోపీ, ఆ టోపీ చివర పక్షి ముక్కులాగా సన్నగా సాగి ఉంటుంది. ఈ ముక్కే దీని గుర్తు, పాత పుస్తకాల్లో దీన్ని రాస్ట్రాటా అనేవాళ్ళు, ముక్కున్నది అని అర్థం. పువ్వుకి రేకులు లేవు, పూసే రోజు టోపీ ఊడి కిందపడుతుంది, లోపలి తెల్ల కేసరాలన్నీ ఒక్కసారిగా విచ్చుకుంటాయి, మనం పువ్వు అనుకునేది ఆ కేసరాల కుచ్చునే. అసలు యూకలిప్టస్ అనే గ్రీకు మాటకి బాగా మూసి ఉన్నది అని అర్థమట, 1788లో లెరిటియే అనే ఫ్రెంచాయన ఈ టోపీని చూసే ఆ పేరు పెట్టాడు.

ఇక కమాల్డులెన్సిస్ సంగతి తెలిశాక నవ్వొచ్చింది. ఆస్ట్రేలియా మెయిన్‌లాండ్‌లో ప్రతి రాష్ట్రంలోనూ సహజంగా పెరిగే చెట్టుకి ఇటలీ పేరు. నేపుల్స్ దగ్గర కమాల్డోలి అనే చోట ఒక దొరగారి తోట ఉండేది, ఆ తోట చూసుకునే డేన్‌హార్ట్ అక్కడ పెరుగుతున్న చెట్టుని చూసి 1832లో పేరు రాసేశాడు. ఇక్కడ మర్రే నది వైపు యోర్తా యోర్తా అనే ఆదివాసులు వేల ఏళ్ళుగా ఈ చెట్ల మధ్యే బతికారు, పుస్తకంలోకి మాత్రం ఇటలీ తోట ఎక్కింది.

నవంబర్ 15

కాయలు పేపర్ బ్యాగులో వేసి కిటికీలో పెట్టా. మూడో రోజుకి టిక్కుటిక్కుమని విచ్చుకున్నాయి. కాయ మిరియం కంటే కాస్త పెద్దది, పైన నాలుగు రెక్కలు బయటికి పొడుచుకొస్తాయి, బ్యాగు దులిపితే టీ పొడి లాంటిది రాలింది. అందులో ఎక్కువ భాగం పొట్టే, గింజ కట్టనిది. అసలు గింజ గసగసాలంత, పసుపు రంగు.

ఈ రంగు దగ్గరే పెద్ద పొరపాటు తప్పింది. స్కూలు దగ్గర నాటిన రెడ్ గమ్ అంటూ ఇంకో ఫ్రెండ్ కూడా ఒక పొట్లం ఇచ్చింది, రెండూ కలిపేసి చల్లేద్దామనుకున్నా, ఎందుకో ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే తన గింజలు ముదురు గోధుమ, కొన్ని నల్లగా కూడా ఉన్నాయి. మా రివర్ రెడ్ గమ్ గింజ పసుపు, దీని దగ్గర చుట్టం ఫారెస్ట్ రెడ్ గమ్, టెరిటికార్నిస్ అంటారే, దాని గింజ ముదురు రంగు. తను ఇచ్చింది అదేనో, రెండింటి సంకరమో నేను చెప్పలేను కానీ వాగు గట్టున ఆ వాగు చెట్ల పిల్లలే నాటాలి కాబట్టి ఆ పొట్లం పక్కన పెట్టేశా. తనకి చెప్తే కొంచెం చిన్నబుచ్చుకుంది.

నవంబర్ 26

మొదటి ట్రే చల్లా. జల్లించిన మట్టి, పైన ఇసుక పలుచగా, గింజలు ఉప్పు చల్లినట్టు. ఈ జాతికి నానబెట్టడం, ఫ్రిజ్‌లో పెట్టడం, పొగ పట్టించడం ఏమీ అక్కర్లేదు, వెచ్చదనం, తడి ఉంటే చాలు. రోజూ పొద్దున్నా సాయంత్రం చిన్న క్యానుతో నీళ్ళు.

డిసెంబర్ 12

ట్రే పోయింది. ఎనిమిదో రోజుకే మొలకలొచ్చాయి, చీమ తలంత ఆకులు జత జతగా, ఎంత మురిసిపోయానో. తర్వాత చూస్తే క్యాను నీళ్ళకి గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోయి అక్కడ గడ్డిలా గుంపుగా మొలిచాయి, మిగతా ట్రే ఖాళీ. ఆ గుంపులో నారుకుళ్ళు మొదలైంది, పొద్దున నిలబడి ఉన్న మొలకలు సాయంత్రానికి మొదట్లో సన్నగా నల్లబడి వాలిపోయేవి, నాలుగు రోజుల్లో మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తప్పు నాదే, పైనుంచి తడపడం, చిక్కగా చల్లడం, గాలాడకుండా ప్లాస్టిక్ మూత కూడా పెట్టా.

ఇదే బాధలో ఉండగా అత్తయ్యగారు ఫోన్ చేశారు. ఏం చేస్తున్నావమ్మా అంటే చెప్పా. "జామాయిలా? దాన్ని పనిగట్టుకుని పెంచడమేందమ్మా, బోర్లన్నీ ఎండగొడతది గదా" అన్నారు. ఆవిడ అన్నదీ తప్పు కాదు, అక్కడ మెట్ట పొలాల్లో వరసలు వరసలుగా దగ్గర దగ్గరగా వేసి నాలుగేళ్ళకో సారి కొట్టే తోట అది, నేలలో ఉన్న తేమ అంతా లాగుతుంది. "ఇక్కడ ఇది తోట కాదండీ, ఏటి గట్టు చెట్టు" అన్నా. "అయితే నూనె తీస్తారా" అన్నారు. అదీ లేదు, జలుబుకి రాసుకునే నూనె ఇక్కడ ఎక్కువగా బ్లూ మ్యాలీ అనే పొదలాంటి జాతి నుంచి తీస్తారు, మా చెట్టు ఆకులో నూనె తక్కువే. క్వీన్స్‌లాండ్‌లో పెట్‌ఫోర్డ్ వైపు పెరిగే ఇదే జాతి చెట్ల ఆకులో మాత్రం నూనె బాగా ఉంటుందట. "నూనె లేదు, కాయ తినేది కాదు, మరి దేనికమ్మా" అన్నారు. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు.

డిసెంబర్ 14

పెద్దాయన దగ్గరకెళ్ళి ఏడిస్తే ఆయన ఒకటే అడిగాడు, ఏట్లో ఈ విత్తనం ఎలా మొలుస్తుందో చూశావా అని. ఆయన చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాసుకుంటున్నా. ఈ విత్తనం నేలలో పడి ఏళ్ళ తరబడి అదను కోసం ఎదురు చూసే రకం కాదు, రాలిందంటే కొన్నాళ్ళలో మొలవాలి లేదా చీమల పాలు. చలికాలం చివర్లో, వసంతంలో వరద వస్తుంది, నీళ్ళు మెల్లగా తీసేటప్పుడు తడి ఒండ్రు బయటపడుతుంది, దాని మీద గింజ పడితే పైనుంచి చుక్క వాన లేకపోయినా కిందనుంచి పదును అందుతూ ఉంటుంది, వేరు ఆ దిగిపోయే తడి వెనకాలే కిందకి దిగుతుంది.

అంటే కిందనుంచి నీళ్ళు. నేనేమో పైనుంచి పోసి చంపా.

డిసెంబర్ 17

రెండో ట్రే. ఈసారి చిల్లుల ట్రేని చిల్లుల్లేని ఇంకో ట్రేలో పెట్టి, బయటి దాంట్లో రెండు సెంటీమీటర్లు నీళ్ళు పోసి వదిలేశా. పైనుంచి చుక్క పోయలేదు. ఇక్కడి నర్సరీల వాళ్ళకి ఇది పాత పద్ధతే, బాగ్ మెథడ్ అంటారు, బాగ్ అంటే ఇక్కడ సంచి కాదు, బురద నేల. మూత తీసేశా. గింజ పలుచగా, ఇసుకలో కలిపి చల్లా.

జనవరి 3

మొలిచాయి, సమంగా, ట్రే అంతా! ఒక్కటి కూడా వాలలేదు. మొదటి ఆకులు వచ్చేదాకా నీళ్ళు ఉంచి, తర్వాత రోజు రోజుకీ తగ్గిస్తూ వచ్చా, వరద తీసినట్టు.

జనవరి 14

ట్యూబుల్లోకి మార్చడం. ఇక్కడ వాడేవి అరచేతి పొడుగు నలుచదరపు ప్లాస్టిక్ ట్యూబులు, లోపల నిలువు గీతలు ఉంటాయి, వేరు గుండ్రంగా చుట్టుకోకుండా తిన్నగా కిందకి పోవడానికి. నాలుగు ఆకులున్న మొక్కని పుల్లతో లేపి చూస్తే మతి పోయింది, పైన మొక్క రెండు సెంటీమీటర్లు లేదు, కింద తల్లివేరు ఏడెనిమిది సెంటీమీటర్లు. పెట్టేటప్పుడు వేరు చివర పైకి మడత పడితే ఆ మొక్క ఆరు నెలలు బాగానే కనిపించి నాటాక ఏ గాలికో పడిపోతుందంట, అందుకని పొడుగ్గా ఉన్న వేరుని మడవకుండా గోటితో చివర తుంచేశా. 82 నాటా. ఇక్కడ జనవరి అంటే నడి ఎండాకాలం, రెండు రోజుల తర్వాత 41 డిగ్రీల ఎండ కొట్టింది, ట్రేలన్నీ ఎత్తుకెళ్ళి లాండ్రీ రూములో పెట్టా, మా ఆయన ఆ రోజు బట్టలు ఉతుక్కోలేదని ఇప్పటికీ అంటాడు. 76 మిగిలాయి.

ఫిబ్రవరి 20

ఆకుల మీద తెల్లటి చిన్న చిన్న గోపురాలు, పంచదార పలుకుల్లా. తెగులు అనుకుని సబ్బు నీళ్ళు కలిపేశా, పెద్దాయనకి ఫోటో పంపితే ఆగు ఆగు అన్నాడు. లెర్ప్ అంటారట, సిల్లిడ్ అనే పిసరంత పురుగు తన మీద కట్టుకునే ఇల్లు, ఆకు రసంలోని తీపితోనే కడుతుంది. ఇక్కడి ఆదివాసులు దాన్ని ఏరుకుని తినేవాళ్ళు. మా అమ్మాయి వినగానే ఒకటి గిల్లి నాలిక మీద పెట్టుకుంది, నిజంగానే తియ్యగా ఉందంది. పెద్ద చెట్టుకి ఇది లెక్క కాదు, జానెడు మొక్కకి మాత్రం ఎక్కువైతే కష్టమని ఆకు తుడిచేశా, సబ్బు నీళ్ళు కారు కడగడానికి పోయాయి.

మార్చి 2 నుంచి ఏప్రిల్ 8

ఎక్స్‌ట్రాగా ఉన్న మొక్కలతో ఒక పరీక్ష. ఆరు రెడ్ గమ్, పక్కన ఆరు రెడ్ ఐరన్‌బార్క్, అది కూడా యూకలిప్టసే కానీ రాళ్ళ గుట్టల మీద పెరిగే రకం. రెండింటినీ ఒకే తొట్టిలో మట్టి పైన మూడు సెంటీమీటర్ల దాకా నీళ్ళు పోసి ముంచి పెట్టా.

పదో రోజుకి ఐరన్‌బార్క్ ఆకులు కింద నుంచి పసుపెక్కాయి. రెడ్ గమ్ కూడా పెరగడం ఆపేసింది, చిన్నబోయినట్టు కనిపించింది, దీని గొప్ప ఇంతేనా అనుకున్నా. మూడో వారంలో చూస్తే నీళ్ళలో మునిగిన కాండం మొదలు ఉబ్బి స్పాంజిలా మెత్తబడింది, ఇంకో నాలుగు రోజులకి ఆ ఉబ్బు చీల్చుకుని తెల్లటి కొత్త వేర్లు నేరుగా నీళ్ళలోకే వచ్చాయి! మట్టి నిండా నీళ్ళుంటే వేరుకి ఊపిరాడదు, అందుకని ఇది కాండంలో, వేరులో గాలి పోవడానికి సందులు చేసుకుంటుంది, పాత వేరు పని చేయకపోతే పైన కొత్తది వేసుకుంటుంది. నీళ్ళు తీసేసే రోజుకి ఐరన్‌బార్క్ నాలుగు చచ్చాయి, రెండు కొనప్రాణంతో ఉన్నాయి. రెడ్ గమ్ ఆరూ ఉన్నాయి. అలాగని ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటానంటే పెద్ద చెట్టైనా చస్తుంది, వరద రావాలి, పోవాలి.

ఏప్రిల్ 20

బార్మా వెళ్ళొచ్చాం, మెల్‌బోర్న్ నుంచి రెండున్నర మూడు గంటల డ్రైవ్. మర్రే నదికి ఇటు బార్మా, అటు న్యూ సౌత్ వేల్స్ వైపు మిలివా, రెండూ కలిపి 60 వేల హెక్టార్ల పైన, ప్రపంచంలో ఇంత పెద్ద రివర్ రెడ్ గమ్ అడవి ఇంకెక్కడా లేదు. ఎందుకు ఇక్కడే అంటే దానికీ నీళ్ళ కథే ఉంది. వేల ఏళ్ళ కింద ఇక్కడ నేల ఒక గీత వెంబడి పైకి లేచింది, క్యాడెల్ ఫాల్ట్ అంటారు, నది దారికి అడ్డంగా గోడ కట్టినట్టయింది. నది దారి మార్చుకుంది, ఇప్పుడు బార్మా దగ్గర ఒక ఇరుకు మలుపులో పోతుంది, నీళ్ళు ఎక్కువైతే ఆ ఇరుకులో పట్టక పక్కలకి పొంగుతాయి. ఆ పొంగే అడవి.

1936లో పైన హ్యూమ్ డ్యామ్ పూర్తయ్యాక ఈ లెక్క తారుమారైంది. వసంతంలో రావాల్సిన నీళ్ళు డ్యామ్‌లో ఆగిపోతాయి, ఎండాకాలంలో కింద పొలాలకి వదులుతారు, నది ఎప్పుడు నిండుగా ఉండాలో అప్పుడు సన్నగా, ఎప్పుడు తగ్గాలో అప్పుడు నిండుగా. నీళ్ళు అవే, అదను పోయింది. 1997 నుంచి 2009 దాకా పెద్ద కరువులో మర్రే కింది భాగంలో ఎన్నో ముసలి రెడ్ గమ్‌లు నిలువునా ఎండిపోయాయి. ఇప్పుడు అడవి కోసం విడిగా కొంత నీళ్ళు కేటాయించి వదులుతున్నారు. 2010లో విక్టోరియా వైపు నేషనల్ పార్క్ చేశాక కలప కొట్టడం కూడా ఆగింది.

అడవిలో నేను ఎక్కువసేపు నిలబడింది ఒక మచ్చ చెట్టు దగ్గర. మనిషి కంటే పొడుగు మచ్చ, కోలగా, అంచులు లోపలికి పెదవుల్లా మూసుకొస్తున్నాయి. యోర్తా యోర్తా వాళ్ళ పూర్వీకులు ఒకే ముక్కగా బెరడు తీసి పడవ చేసుకున్న గుర్తు. ఒక వైపే తీశారు కాబట్టి చెట్టు బతికింది, ఇప్పటికీ పచ్చగా ఉంది. మెల్‌బోర్న్ రాయల్ బొటానిక్ గార్డెన్స్‌లో సెపరేషన్ ట్రీ అని ఇంకో రెడ్ గమ్ ఉండేది, 1850 నవంబర్ 15న విక్టోరియా న్యూ సౌత్ వేల్స్ నుంచి విడిపోయి సొంత కాలనీ అవుతోందని జనం దాని కిందే పండగ చేసుకున్నారు. 2010లో ఎవరో దాని మొదలు చుట్టూ బెరడు చెక్కేశారు, 2013లో మళ్ళీ. అది చచ్చిపోయింది. ఆకుల్లో తయారైన తిండి వేర్లకి నడిచేది ఆ బెరడు కింది పలుచటి పొరలోనే మరి, చుట్టూ తెంచితే ఇంకేం మిగులుతుంది.

అత్తయ్యగారి ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే దొరికింది. ముసలి చెట్టు తొర్రలు, అవి పడటానికి వందేళ్ళ పైనే కావాలి, అందులో సూపర్బ్ ప్యారట్ అనే పచ్చ చిలక గూడు పెడుతుంది. నదిలో పడ్డ మోడు మర్రే కాడ్ చేపకి ఇల్లు. పువ్వు తేనెటీగలకి, రెడ్ గమ్ తేనె ఇక్కడ షాపుల్లో దొరుకుతుంది. ఫోన్‌లో చెప్తే "తేనె అని ముందే చెప్పొచ్చు గదమ్మా" అన్నారు.

మే 12

పెద్దాయన ఇచ్చిన కొమ్మ ముక్కతో నాట్లకి గుంత పొడిచే కర్ర ఒకటి చేద్దామనుకున్నా. దీని చేవ ముదురు ఎరుపు, రక్తం లాంటి జిగురు గీతలతో, అందుకే ఆ పేరు. రైలు పట్టాల స్లీపర్లు, కంచె గుంజలు, మెల్‌బోర్న్ వీధుల్లో పరిచిన చెక్క దిమ్మెలు, ఎచూకాలో 1865లో మొదలెట్టిన రేవు, అన్నీ దీంతోనే చేశారు, నీళ్ళలో, మట్టిలో ఉన్నా త్వరగా కుళ్ళదు, చెద కూడా అంత తొందరగా పట్టదు. ఆరిన కర్ర ఘనపు మీటరు దాదాపు 900 కిలోలు. నాకు తెలిసొచ్చింది మాత్రం రెండు డ్రిల్ బిట్లు మొద్దుబారాక. రేషాలు ఒకదానికొకటి అడ్డంగా అల్లుకుని ఉంటాయి, ఉలి ఎటు పెట్టినా ఎదురు తిరుగుతుంది. పోనీ అని చెక్కి హీటర్ పక్కన పెడితే తెల్లారేసరికి చివర నుంచి చివరకి పగులు. పచ్చి కర్రని నీడలో, చివర్లకి మైనం రాసి నెలల తరబడి ఆరనివ్వాలట. ఇనప గడ్డపార తెచ్చుకున్నా.

జూన్ 15

నాటేశాం. వానలు పడి నేల పదును మీద ఉంది. 76లో పరీక్షకి పోయినవి, అడుగున వేరు చుట్టుకున్నవి తీసేస్తే 63, గ్రూపుకి ఇచ్చాను. వాగుకి దగ్గరగా కింద వరస 30, గట్టు పైన 33. ప్రతి మొక్కకీ మూడు పుల్లలు, చుట్టూ ప్లాస్టిక్ గార్డు, కుందేళ్ళు, కంగారూల వల్ల. మొక్కకీ మొక్కకీ ఎడం ఎక్కువే ఉంచాం, ఇది 45 మీటర్ల దాకా పెరగగల చెట్టు. ఒకటి ఇంటి పెరట్లో వేసుకుందామని అమ్మాయి గొడవ. వద్దన్నా. గాలీ వానా లేని ఎండాకాలం మధ్యాహ్నం కూడా పెద్ద కొమ్మని ఉన్నట్టుండి వదిలేసే అలవాటు దీనికి ఉంది, మా పెరడు చూస్తే కారు పట్టేంత, ఇంటి కప్పు మీదకే వస్తుంది.

ఆగస్టు 24

మంచుకి పై వరసలో తొమ్మిది మొక్కల ఆకులు మాడాయి, వాటిలో నాలుగు మళ్ళీ కిందనుంచి చిగురేశాయి. మిగతా అంతా మామూలే.

అక్టోబర్ 12

పోయిన వారం వాగు పొంగింది. కింద వరస మొత్తం ఐదు రోజులు నీళ్ళలోనే ఉంది. నీళ్ళు తీశాక బూట్లు మోకాళ్ళ దాకా వేసుకుని వెళ్ళాను, గార్డులు చాలా వాటికి చెత్త పట్టి పడిపోయి ఉన్నాయి, ఒక్కోటి లేపి ఒండ్రు దులిపి చూడటం, లెక్క రాసుకోవడం. కింద 30లో 24 ఉన్నాయి, పోయిన ఆరూ చచ్చినవి కాదు, పుల్లలతో సహా కొట్టుకుపోయినవి. పైన 33లో 19. పైవాటిని ఎక్కువ చంపింది పొడి నేల, కలుపు గడ్డి. కింద వాటి ఆకుల మీద ఒండ్రు తెట్టు కట్టి ఉంది, అయినా కొసన ఎర్రటి కొత్త చిగుళ్ళు కనిపించాయి. వచ్చే శనివారం పుల్లలు సుత్తితో ఇంకా లోతుకి దిగ్గొట్టాలి, పై వరసకి మల్చింగ్ వేయాలి, ఈసారి ఖాళీల్లోకి ఇంకో 20 కావాలన్నారు.

ఫ్రిజ్‌లో విత్తనం ఇంకా అర గ్రాము ఉంది, అంటే వందల మొక్కలు. నిన్న మా ఆయన ఆ సీసా తీసి, కూరలోకి గసగసాలు ఇవేనా అని అడిగాడు. ఇప్పుడు దాని మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించా.